పొడి రోడ్డు మీద జారిన బండి

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని ఏడిపించడంలో మా షెడ్‌లో నన్ను మించినవాడు లేడు. నేను రైలింజన్లు బాగుచేసే టెక్నీషియన్ని. లైటు వెలిగిందంటే దాని వెనక వైరు ఉంటుంది, వైరు వెనక కారణం ఉంటుంది. నా నమ్మకమల్లా అదే. అందుకే కిందటి చలికాలం మా కారులో జరిగింది రాయాలంటే నాకే మొహమాటంగా ఉంది.

నాన్న బిలాస్‌పూర్‌లో గూడ్సు బండ్ల డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో సగం కట్నీ లైను మీదే గడిచింది. ఆ చలికాలానికి ముందు వేసవిలో పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. చెయ్యి కొద్దికొద్దిగా స్వాధీనంలోకి వచ్చింది కానీ నోటివెంట ఒక్క మాట రాలేదు. అమ్మ రోజూ ఎదురుగా కూర్చుని ఆయన పేరు ఆయన చేత పలికించాలని చూసేది. ఆరు నెలలు దాటాక డాక్టరు, మాట మీద ఇక పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆ సంగతి అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మేముండేది బిలాస్‌పూర్‌లోనే, దయాల్‌బంద్‌లో. అక్క ఊరికి దగ్గర్లోనే ఉన్న కోటాలో ఉంటుంది. ప్రతి ఆదివారం పొద్దున్న నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి అక్క దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. ఆ కాస్త ప్రయాణం ఆయనకి ఇష్టమని కళ్ళు చూస్తే తెలిసేది.

ఒక ఆదివారం ఉస్లాపూర్ దాటి, రోడ్డు కట్నీ లైను పట్టాల పక్కకి వచ్చే చోట డాష్‌బోర్డు మీద ట్రాక్షన్ కంట్రోల్ లైటు మినుకుమినుకుమంది. కారు బొమ్మ, కింద రెండు వంకర గీతలు. సిస్టం పాడైతే ఆ లైటు నిలకడగా వెలుగుతుంది. చక్రం పట్టు తప్పి జారుతుంటేనే మినుకుమంటుంది. రోడ్డేమో పొడిగా ఉంది, నేను నలభైలో వెళ్తున్నాను. ఒక కిలోమీటరు అలా కొట్టుకుని దానంతటదే ఆరిపోయింది.

తర్వాతి ఆదివారం కూడా సరిగ్గా అక్కడే.

దయాల్‌బంద్‌లో కార్ల షెడ్డున్న అప్పలరాజు నా చిన్ననాటి స్నేహితుడు. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సరు తప్పు చెబుతోందని మొదట అనుకున్నాడు. తుప్పు తుడిచాడు, కనెక్టరు చూశాడు, చివరికి సెన్సరే మార్చేశాడు. టైర్లు నాలుగూ బాగానే ఉన్నాయి. ఇద్దరం రెండుసార్లు అక్కడిదాకా వెళ్ళొచ్చాం, లైటు వెలగలేదు. అమ్మని తీసుకెళ్ళినా వెలగలేదు. నాన్న ఎక్కితేనే వెలిగేది.

బండికి కాదు, నాకే స్కానింగు చేయించాలని అప్పలరాజు వెక్కిరించాడు. అయినా ఆ వచ్చే ఆదివారం చక్రాల వేగం చూపే స్కానరు బండికి తగిలించి వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆ పొద్దున్న పొలాల మీంచి మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. పక్క పట్టా మీద ఒక బొగ్గు గూడ్సు మా వేగంతోనే వెళ్తోంది. దాన్నే చూస్తుంటే మేమూ కదలడం లేదు, అదీ కదలడం లేదు అనిపించింది. టైర్ల చప్పుడు చెవులకి సోకడం మానేసింది. భయం లేదు, తలంటు పోసుకున్నాక వచ్చే మగతలా ఉంది. ఆ రోడ్డు అలాగే ఎంతసేపు సాగినా బాగుండేదనిపించింది.

లైటు మినుకుమంది.

"ఏటిరా ఇది?" అని వెనకనుంచి అప్పలరాజు అరిచాడు. "ఎనక సక్రాలు నలభై, ముందువి అరవై సూపిస్తన్నాయి!"

ముందు చక్రాలు అలా జారితే ఇంజను గోల పెట్టాలి. మా ఇంజను మామూలుగానే ఉంది.

అప్పుడు నాన్న ముందుకి వంగాడు. ముందు అద్దంలోంచి ఎక్కడో దూరంగా చూస్తున్నాడు. ఎడంకాలు మ్యాటు మీద గట్టిగా నొక్కాడు.

"ఇసక!" అన్నాడు.

స్పష్టంగా, గట్టిగా అన్నాడు. లైటు ఆరిపోయింది.

రైలింజను చక్రాలు జారితే డ్రైవరు కాలి పెడలు నొక్కుతాడు. చక్రాల ముందు పట్టాల మీద ఇసక పడుతుంది, చక్రం పట్టు దొరకబుచ్చుకుంటుంది. జల్లించి ఆరబెట్టిన ఆ ఇసకని షెడ్‌లో ఇంజన్ల పెట్టెల్లో నింపించడం నా డ్యూటీలో భాగం.

కారు పక్కకి తీసి ఆపాను. ఏడుపు ఆగలేదు. నాన్న చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాను. కిందకి దిగిన అప్పలరాజు కాసేపటికి నన్ను పిలిచాడు.

మా వెనక తారు మీద రెండు సన్నని ఇసక గీతలు ఉన్నాయి. ఒక వ్యాగను పొడవుంటాయి. వాటి మధ్య దూరం సరిగ్గా మా కారు చక్రాల మధ్య ఉన్నంతే. చేత్తో తీసి చూశాను. పొడిగా ఉంది, ఒక్క రాయి లేదు.

"ఇసక లారీ కార్చుకుంటా పోయుంటాదిలే," అన్నాడు అప్పలరాజు, నా మొహంలోకి చూడకుండా.

"అచ్ఛా, అంతేలే," అన్నాను. ఇద్దరికీ అదే తేలిగ్గా ఉంది.

స్కానరు మెమరీలో ఒక్క తప్పూ నమోదు కాలేదు. ఆ తర్వాత ఆ లైటు ఇంతవరకు వెలగలేదు. ఎందుకు వెలిగిందో, ఆ ఇసక ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించలేను.

ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో నాన్న మంచినీళ్ళు అడిగాడు. అమ్మకి ఫోన్లో వినిపిస్తే, ఆయన పేరు ఆయన్ని చెప్పమని మళ్ళీ మొదలుపెట్టింది. పోయిన మాట ఒక్కోసారి అలా తిరిగి వస్తుందని డాక్టరు అన్నాడు.

ఇప్పుడు నాన్న తడుముకుంటూ నాలుగు ముక్కలు మాట్లాడుతున్నాడు. మొన్న ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు ఏమైంది నాన్నా అని. కొత్తగా డ్యూటీకి వచ్చిన అసిస్టెంటుని చూసినట్టు నన్ను చూశాడు.

"బండి జారిపోతంటే సెప్పకుండా ఎలగుంటాన్రా?" అన్నాడు. కాసేపు మాటలు వెతుక్కున్నాడు. "లోపల నువ్వున్నావు కదా."