ముందు నువ్వు మింగు

మా అవ్వకు ఎవరో ఒకరి మీద అనుమానం రాకపోతే పొద్దు గడిచేది కాదు. పాలు పలచగా ఉంటే బర్రెను కాదు, పాలు పిండిన మనిషిని చూసేది. ఆమె కడుపున పుట్టిన కూతుర్ని కనుక నాకూ ఆ గుణం కొంత వచ్చింది. ఇప్పటికీ దుకాణంలో తూకం వేస్తుంటే నా కళ్లు కాటా మీదే ఉంటాయి.

ఎనభైల మొదట్లో సంగతి. సుల్తానాబాద్ దగ్గర మా ఊళ్లో మా నాన్న, అంటే బాపు, ఆయన అన్న పెద్దబాపు వేరుపడి ఇంటి మధ్యలో గోడ పెట్టుకున్నారు. పొలం గట్టు కాడ మాటా మాటా పెరిగి, ఎదురుపడ్డా పలకరించుకోవడం మానేశారు. ఆడవాళ్ల మధ్య మాత్రం కొంచెం రాకపోక మిగిలింది. పెద్దబాపు భార్య పెద్దవ్వ పెట్టిన మామిడికాయ తొక్కు మా ఇంటికి వచ్చేది, మా బర్రె మజ్జిగ వాళ్లింటికి పోయేది.

ఆ ఏడు బాపుకు పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉండటం మొదలైంది. మెడ వెనక బరువు, కళ్ల ముందు మసక. మంచం పట్టె పట్టుకుని కాసేపు అలాగే కూర్చునేవాడు. పొద్దెక్కేసరికి ఏమీ జరగనట్టు నాగలి కట్టుకుని పోయేవాడు. సుల్తానాబాద్‌లో ఒక కాంపౌండర్ మధ్యాహ్నం పూట చేతికి పట్టీ కట్టి చూసి, బీపీ మంచిగనే ఉందన్నాడు. పగలంతా మంచిగా ఉండి పొద్దున్నే పడగొట్టే రోగం ఎక్కడైనా ఉంటుందా? అవ్వ తేల్చేసింది.

"రోగం గాదు. గా తొక్కుల మందు పెట్టిండ్రు."

తిండిలో ఏదో కలిపి మనిషిని కృశింపజేస్తారని, దాన్ని కక్కించే వాళ్లు కూడా ఉంటారని మా దిక్కు చాలామంది నమ్మేవాళ్లు. అవ్వ బాపును గోదావరి దాటించి ఖానాపూర్ దిక్కు అలాంటి ఒకాయన దగ్గరికి తీసుకుపోయింది. సెలవులు కాబట్టి నేనూ వెంట పోయాను. ఆయన ఏదో పసరు తాగించి కక్కించి, అందులోంచి నల్లటి ముద్ద తీసి చూపించాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ముద్ద బాపు కడుపులోంచి వచ్చిందా, నీ చేతిలోంచి వచ్చిందా అని అడిగాను. అవ్వ నా వీపు మీద ఒకటి వేసింది. మర్నాడు పొద్దున బాపు మళ్లీ మంచం పట్టె పట్టుకున్నాడు.

ఇక పట్టుబట్టి ఇద్దరినీ నేను డిగ్రీ చదివే కరీంనగర్‌కు తీసుకుపోయాను. అక్కడి డాక్టర్ సాయంత్రం చూశాడు, అనుమానం వచ్చి రాత్రికి ఉంచుకున్నాడు, తెల్లారకముందే మళ్లీ చూశాడు.

"పగటి పూట చూస్తే దొరకదిది. నిద్రల బీపీ దిగాలె. మీకు దిగుతలేదు, తెల్లారేసరికి ఇంకింత ఎక్కుతుంది. మీ బాపు ఎట్ల పోయిండు?"

"పొద్దుగాల లేవబోయి పడ్డడు," అన్నాడు బాపు, మా తాతను తలుచుకుని.

"ఇది మీ ఖాన్‌దాన్‌ల ఉన్నట్టుంది. అన్నదమ్ములున్నరా?"

బాపు కిటికీ దిక్కు చూస్తూ "లేరు" అన్నాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "ఒక అన్న ఉన్నడు సార్. గోడ అవుతలనే ఉంటడు," అన్నాను.

"జల్ది తీస్కరాండ్రి. లేకుంటె ఆయన గూడ ఒకనాడు పొద్దుగాల లేవడు."

రోజూ పడుకునే ముందు గోలీ వేసుకోమన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు, తొక్కు బందు పెట్టమన్నాడు. తొక్కు మాట వినగానే అవ్వ నా దిక్కు గెలిచినట్టు చూసింది. ఉప్పు మాట ఆమె చెవిన పడలేదు.

ఊరికి రాగానే గోడ అవతలికి నేనే పోయి చెప్పాను. పెద్దవ్వ తెల్లబోయింది. పెద్దబాపుకూ పొద్దున్నే అదే దిమ్మట.

"మీ అవ్వ పంపే సల్లల ఏమన్న కలిపిందేమోనని, మేం ఎన్నొద్దుల సందో కుడితిల పోస్తున్నం," అంది.

పెద్దబాపును కూడా కరీంనగర్ తీసుకుపోయాం. ఆయనకూ అదే రోగం, అదే గోలీ. కానీ ఆయన మింగనన్నాడు.

"మీరు సూపెట్టిన డాక్టరు, మీరు తెచ్చిన గోలీ. ముందు వాడు మింగాలె."

ఆ రోజు నుంచి బాపు అన్నం తిన్నాక గోడ చుట్టి అటు పోయేవాడు. పెద్దబాపు ఒకే పట్టీలోంచి రెండు గోలీలు తీసి, ఏది ఎవరిదో తనే ఎంచేవాడు. బాపు మింగి నోరు తెరిస్తే, నాలుక ఎత్తించి మరీ చూసి, అప్పుడు తన గోలీ వేసుకునేవాడు. అన్నదమ్ములు కలిసిపోయారని ఊళ్లో అనుకున్నారు. అదేం లేదు. నమ్మకం లేకనే ఏళ్లకేళ్లు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నారు.

తొంభైల్లో బాపు పొలంలో పాము కరిచి పోయాడు. నన్ను అప్పటికి బోథ్‌లో ఇచ్చారు. దినాలకని వచ్చి చూద్దును కదా, పెద్దబాపు గోలీలు మానేశాడు. పెద్దవ్వ ఇచ్చినా, నేను ఇచ్చినా అటు తిరిగి పడుకున్నాడు.

"మింగి సూపెట్టెటోడు పోయిండు. నేనెవల్ని నమ్మాలె?"

ఒకనాడు పొద్దున లేవబోయి తూలి గోడకు తగిలాడు. ఈయన కూడా తాత లాగే పోతాడని నాకు భయం పట్టుకుంది.

ఆ సాయంత్రం అవ్వ లేచింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె బావ ఎదుట నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇళ్లలో అది మర్యాద. కొంగు నెత్తి మీదికి లాక్కుని అటు పోయి, పట్టీలోంచి రెండు గోలీలు తీసింది.

"నేన్ మింగుత బావా. సూడు," అని ఒకటి నోటి దాకా తీసుకుపోయింది.

పెద్దబాపు మంచం మీంచి దిగ్గున లేచి, తాకకూడని మరదలి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు తల్లీ! నీకు బీపీ లేదు, పడిపోతవ్!"

ఆ గోలీ లాక్కుని, నీళ్లు కూడా అడగకుండా మింగాడు. తర్వాత నాలుక పైకెత్తి, ఆమె ముందు నోరు తెరిచి చూపించాడు.