నేరుగా పోయేదానికి నాలుగు లైట్లు

"ఆపమంటే ఆపకుండా వచ్చేస్తివి గదే! ఆ మనిషి రోడ్డు మీద పడి ఉండాడు, పాలు కాలవ కట్టి పోతాండాయి, నువ్వు వెనక్కి తిరిగి కూడా సూడకుండా వచ్చేస్తివి!"

"నేను తగిలించలేదవ్వా. వాడే అడ్డమొచ్చినాడు, వాడే బ్రేకు తొక్కి పడినాడు. నా కారుకు గీత కూడా పడలా, పోయి సూసుకో."

"కారుకు గీత పడలేదంట! ఎడం పక్క లైటు వేసి నేరుగా పోతే వాడేమనుకోవాల?"

"ఎడం పక్క కాదు, నాలుగూ వేసినా. నేరుగా పోతాండామంటే నాలుగూ వెయ్యాల. అందరూ అట్లనే వేస్తారు. నువ్వేమన్నా లైసెన్సు తీసుకున్నావా నాకు చెప్పేదానికి?"

ఈ మాటన్నది నా కూతురి కూతురు. చిత్తూరులో మా ఇంటి ముందర, కారు ఇంజను ఇంకా చల్లారకముందే. ఇరవై నాలుగేండ్ల పిల్ల, ఉద్యోగం చేస్తాది, ఆ కారు సొంతంగా కొనుక్కునింది. అందుకు నాకు సంతోషమే. కానీ ఆ సాయంత్రం నా ఒళ్లు కుతకుత ఉడికిపోతా ఉండింది.

జరిగింది ఇది. బంగారుపాళ్యంలో చుట్టాలింటికి సీమంతానికి పోయి తిరిగి వస్తాండాము. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు దాటినాక నాలుగు రోడ్లు కలిసే చోట మా ముందర ఒక బస్సు నిదానంగా పోతాండాది. మేము నేరుగా పోవాల. నేరుగా పోయేదానికి ఏ లైటూ అక్కరలేదు. ఈ పిల్ల మాత్రం ఎర్ర బొత్తాం నొక్కి నాలుగు లైట్లనూ టిక్కుటిక్కుమనిపించింది. అవి బండి చెడిపోయి రోడ్డు మీద నిలబడితే వేసుకోవాల్సిన లైట్లు. మా తట్టు చానామంది వాటిని ఇట్లనే వాడతారు, అదేదో మర్యాద అయినట్లు.

ఎడం చేతి రోడ్డు మొదట్లో మొపెడ్ మీద ఒకాయన నిలబడి ఉండాడు, రెండు పక్కలా పాల క్యాన్లు. ముందర బస్సు అడ్డం ఉండాది కాబట్టి మా కారు మొగం ఆయనకు కనపడదు. మా కారు ఎడం పక్క అద్దానికుండే లైటొక్కటే కనపడింది. సరే, ఈ కారు నా రోడ్డులోకే తిరుగుతాది అనుకొని, బస్సు దాటంగానే ముందుకొచ్చినాడు. మేము నేరుగా పోతిమి. ఆయన బ్రేకు తొక్కి, బండితో సహా ఎడం చెయ్యి కింద పెట్టుకొని పడిపోయినాడు.

మనిషి లేని గదిలో లైటు వెలుగుతాంటే నేను ఓర్చుకోలేను, లేచి పోయి ఆర్పేస్తాను. అయినా దండగ లైటుకు మనిషి పడిపోవడం నేను ఎప్పుడూ సూడలేదు.

"రేపు తెల్లారి ఆడికి పోయి, తప్పు నాదని ఆయనకు చెప్తావా లేదా?" అని అడిగినాను.

"చెప్పను. చెప్తే కేసు పెడ్తారు. ఫోటో తీసి అందరి ఫోన్లలో తిప్పుతారు. నా ఉద్యోగం పోతే నువ్వు తెచ్చిస్తావా?" అని చెప్పులు విడిచి లోపలికి పోబోయింది.

అప్పుడు నేను మెట్ల మీద కూర్చొని, ఆమెను కూడా కూర్చోబెట్టి, మా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట చెప్పినాను.

నా చిన్నప్పుడు మా నాయన మామిడికాయల లారీ తోలేవాడు. నాలుగో తరగతి అయినాక అమ్మ కాన్పుకని పుట్టింటికి పోతే, నన్ను చూసుకునేవాళ్లు లేక నాయన తన పక్కనే లారీలో కూర్చోబెట్టుకొని తిప్పినాడు. బడి అట్లనే ఆగిపోయింది. ఆ లారీకి పక్క లైట్లు ఉండేవి గానీ వెలిగేవి కావు. కుడి పక్కకు తిరగాలంటే నాయన కిటికీలోంచి కుడి చెయ్యి చాపేవాడు. ఎడం పక్కకు తిరగాలంటే ఎడం కిటికీ దగ్గర కూర్చున్న నేను చెయ్యి చాపాల. తొమ్మిదేండ్లకు అదే నా ఉద్యోగం.

ఊరికే చాపడం కాదు. నాయన దానికొక పద్ధతి నేర్పించినాడు. ముందు వెనక్కి తొంగి సూడు, ఎవరొస్తాండారో. మలుపు దగ్గరికి వచ్చినాక చాపితే వెనకోడు ఏం చేస్తాడు, నెత్తి కొట్టుకోవాల్సిందే. అందుకని వాడు నిదానం చేసుకునేంత ముందుగా చాపు. అట్లని మధ్యలో ఇంకో దారి ఉండంగానే చాపినావంటే ఆ దారిలోకే పోతాండామనుకుంటాడు. తిరిగేదాకా తియ్యొద్దు. తిరిగినాక ఒక్క గడియ కూడా ఉంచొద్దు. చెయ్యి చాపినామని దారి మనదైపోదు, ఇంకోసారి సూసుకొని తిరగాల. ఇవన్నీ నాకు ఎక్కాల మాదిరి నోటికి వచ్చేవి.

బడి తెరిచినారు. తోటల్లో కాయ ఇంకా అయిపోలేదు. ఆ దినం పొద్దున మా అత్త నాకు కొత్త గాజులు తొడిగించింది, చేతికి డజను, ఆకుపచ్చవి. కాయ నింపుకొని వస్తాంటే బడి ముందర నాతో చదివిన పిల్లోళ్లు గుంపుగా నడిచిపోతాండారు. వాళ్లకు పలకాబలపాలు ఉండాయి, నాకు లేవు. నాకు గాజులు ఉండాయి, వాళ్లకు లేవు. పిల్లోళ్లు ఉండారని నాయన లారీని నిదానం చేసినాడు. నేను కిటికీలోంచి చెయ్యంతా బయటకు చాపి గాజులు చూపించినాను.

మా వెనక ఒకాయన సైకిలు మీద వస్తాండాడు. నగరి పక్క నేత పనాయన, చీరల మూట కట్టుకొని ఊరూరా తిరిగి అమ్ముకునేవాడు. లారీ నిదానమయింది, ఎడం చెయ్యి బయటకొచ్చింది. లారీ పక్కకు తిరుగుతాదనుకొని, దాన్ని దాటేదానికి ఆయన కుడి పక్కకు వచ్చినాడు. ఎదురుగా బస్సు వస్తాండాది. ఆయన సైకిలు వదిలేసి కిందికి దూకినాడు. ప్రాణం దక్కింది. మోకాలు దక్కలా.

జనం చుట్టుకున్నారు. సైకిలోనిదే తప్పు, లారీని దాటేదానికి పోతాడా అని వాళ్లే అంటాండారు. మా నాయన ఆ మాటలు పట్టుకొని ఊరుకోవచ్చు. ఊరుకోలా. "తప్పు నా బండిదే. నా బండి అబద్ధం చెప్పింది" అని అందరి ముందరా అన్నాడు. ఆయన్ను ఎత్తుకొచ్చి నా సీట్లో పడుకోబెట్టి చిత్తూరు ఆస్పత్రికి తోలినాడు. నన్ను వెనక కాయల మీద కూర్చోమన్నాడు.

కొడతాడనుకున్నాను. కొట్టలా. సాయంత్రం కాయ దించేసినాక, ఖాళీ జాగాలో లారీ నిలబెట్టి, నన్ను దాని వెనక ఇరవై అడుగుల దూరంలో నిలబడమన్నాడు. తాను పోయి నా సీట్లో కూర్చున్నాడు. కాసేపటికి ఎడం కిటికీలోంచి చెయ్యి బయటకు వచ్చింది. ఎందుకు చాపినానో చెప్పు అని అరిచినాడు. తిరిగేదానికి అన్నాను. కాదు, ఈగను తోలినానన్నాడు. మళ్లీ చాపినాడు. ఈగను తోలేదానికి అన్నాను. కాదు, ఈసారి తిరిగేదానికే అన్నాడు. అట్లా చీకటి పడేదాకా చాపినాడు, నేను ఒక్కసారి కూడా నమ్మకంగా చెప్పలేకపోయినాను. లారీ వెనక నిలబడితే మా నాయన మొగం కనపడదు, మనసు కనపడదు. చెయ్యొక్కటే కనపడ్తాది.

దిగి వచ్చి, కోపంగానే, ఒకే మాట చెప్పినాడు. "నీ గాజులు ఆయనకు కనపడలేదు పాపా. నీ చెయ్యి చెప్పింది నిజమనుకొని ఆయన తన ప్రాణం దాని మీద పెట్టినాడు."

రెండు నెలలకు నన్ను బస్సులో నగరి దగ్గర ఆయనింటికి తీసుకుపోయినాడు. మగ్గం కింద గుంటలో కాళ్లు పెట్టి పలకలు తొక్కితేనే నేత సాగేది. ఆయన మోకాలు వంగదు. ఆయన భార్య మగ్గం మీద కూర్చొని ఉండింది, ఆయన గోడకు ఆనుకొని కాలు చాపుకొని, ఆమెకు నూలు కండెలు చుట్టిస్తాండాడు. చెయ్యి చాపింది నేనే అని చెప్పినాను. ఆయన నా మొగంలోకి చూసి, చిన్న బిడ్డ అన్నాడు. ఆమె తల ఎత్తలా, మగ్గం ఆపలా. ఆయన క్షమించింది నేను మరిచిపోయినా మరిచిపోతానేమో, ఆమె తల ఎత్తకపోవడం మరిచిపోలేను.

ఇదంతా విని నా మనవరాలు, "అది తెలీక చేసింది గదవ్వా, చిన్నపిల్లవి" అనింది.

"తెలుసు. నోటికి వచ్చు. తెలిసే చేసినా," అన్నాను. "నీకూ తెలుసు. లైసెన్సు పుస్తకంలో నాలుగు లైట్లు ఎందుకని రాసినారో చదివే పాసయినావు. అందరూ వేస్తాండారని వేసినావు."

ఆమె లేచి లోపలికి పోయింది.

ఈ దినానికి కూడా నేను బస్సులో కిటికీ బయట చెయ్యి పెట్టను. ఎవరికైనా పోయొస్తానని చెయ్యి ఊపాలంటే బండి కదలకముందే ఊపేస్తాను. కదిలినాక ఒళ్లో పెట్టుకొని కూర్చుంటాను. గాజులు కూడా మళ్లీ రెండింటికి మించి ఏసుకోలేదు. పిసినారిదని మా వాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ.

మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే మనవరాలు కారు అద్దాలు తుడుస్తాండాది. నన్ను రమ్మని పిలవలా. నేనే ఎక్కి కూర్చున్నాను. నాలుగు రోడ్ల దగ్గర, నిన్న పడిన పాలాయన గురించి టీ అంగడాయన్ను అడిగితే, ఊరోళ్లు పాలు పోసే చోటు చూపించినాడు. మొపెడ్ మనిషి లేడు. ఆయన భార్యంట, నెత్తిన ఒకటి, చంకలో ఒకటి పాల బిందెలు పెట్టుకొని నడిచి వచ్చింది.

"అక్కా, నిన్నటి కారు నాదే. నేరుగా పోతా పక్క లైటు వేసినా. తప్పు నాది. ఆగకుండా పోయింది ఇంకా తప్పు," అనింది మనవరాలు.

ఆమె బిందెలు దించి, పది మంది ముందర తిట్టినాది. కారుంటే కండ్లు కనపడవా అనింది, ఆయన చెయ్యి వాచిపోయి గ్లాసు కూడా పట్టుకోలేకపోతాండాడనింది. మనవరాలు తల వంచుకొని నిలబడింది. నేను అడ్డం పోలా.

ఆమె పాలు పోసినాక ముగ్గురమూ వాళ్లింటికి పోయి ఆయన్ను కారెక్కించుకున్నాము. నాలుగు రోడ్ల దగ్గర మనవరాలు ఏ లైటూ వెయ్యలా. నిదానం చేసి రెండు పక్కలా చూసుకొని నేరుగా పోయింది. ఆస్పత్రి మలుపుకు ముందుగానే కుడి లైటు వేసి, అద్దంలో చూసి, మెడ తిప్పి చూసి, తిరిగింది. లైటు ఆరిందో లేదో కూడా చూసుకుంది.

మణికట్టు ఎముక చిట్లిందన్నారు. కట్టు కట్టి, మూడు వారాలు ఆ చేత్తో ఏమీ ఎత్తొద్దన్నారు.

బయటికి వచ్చినాక ఆయన భార్య, "మూడు వారాలు పాలు ఎవరు మోయాల?" అనింది.

"శని, ఆదివారాలు నేనొచ్చి కార్లో తీసుకుపోతా అక్కా," అనింది మనవరాలు.

"మిగతా దినాలు?" అని అడిగింది ఆమె.