మాల వేసుకున్న మనిషి నోట మందు వాసన

2023 చలికాలం. సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డీ-అడిక్షన్ వార్డులో, అంటే మందు మాన్పించే వార్డులో, నేను స్టాఫ్ నర్సుని. ‘ఒట్టు, నేను తాగలేదు’ అనే మాట అక్కడ గుడ్ మార్నింగ్ లాంటిది. ప్రతివాడూ అంటాడు, మేం ఎవరం వినం. సైదులు కూడా ఆ మాటే అంటూ లోపలికొచ్చాడు.

మాడుగులపల్లి మనిషి. మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీ డ్రైవరుగా చేసి, తాగి బండి నడుపుతున్నాడని పని పోగొట్టుకున్నాడు. ఒంటిమీద నల్ల లుంగీ, పెరిగిన గడ్డం ఉన్నాయి గానీ మెడలో అయ్యప్ప మాల లేదు. దీక్ష నడిపించే గురుస్వామి ఆ మధ్యాహ్నమే తీయించేశాడు. మాల వేయించింది భార్య నాగమణి. మా వైపు తాగే మొగుళ్లున్న ఆడవాళ్లకు చివరి ఆశ అదే. దీక్షలో ఉన్నన్నాళ్లు మందు ముట్టడు, ఆ తర్వాత కూడా అదే అలవాటవుతుందని. అలాంటిది స్వాములందరి మధ్య, మధ్యాహ్నం భిక్షకు కూర్చుని అన్నం తిని లేచిన మనిషి తూలిపడ్డాడు. నోట గుప్పుమని వాసన.

నాగమణి కోదాడ పిల్ల, మాట మెత్తన. “ఇంట్లో తాగాడు, ఊరుకున్నాను. పని పోయింది, ఊరుకున్నాను. దేవుడి దగ్గర కూడా తాగితే ఇంకేం మిగిలిందండీ?” అంది. అతన్ని మాకు అప్పగించి, కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

మా వార్డుకి తాళం ఉంటుంది, బయటి తిండి రానివ్వం. పొద్దున బ్రెత్ ఎనలైజర్, అంటే ఊదిస్తే మందు సంగతి చెప్పే మిషన్, సున్నా చూపించేది. అన్నం తిన్న కొంతసేపటికి అదే మిషన్ కూత పెట్టేది. పరుపు ఎత్తాం, బాత్రూమ్ వెతికాం, చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా దాచేశాం. ఏమీ దొరకలేదు.

“సిస్టరమ్మా, తాళం మీరే ఏసిన్రు, అన్నం మీరే పెడ్తున్రు. ఇగ నేనేడికెల్లి తాగుత?” అన్నాడు మంచం పట్టుకుని తూలుతూ.

నాకు ఒళ్లు మండింది. అతని మీదో, మిషన్ మీదో తెలియదు.

డాక్టరుగారికి అనుమానం వచ్చి, ఒకరోజు పరగడుపున అతనికి గ్లూకోజ్ తాగించారు. నన్ను పక్కనే కూర్చోబెట్టి, కొంతసేపటికోసారి రక్తం తీయించారు. ప్రతి శాంపిల్‌లోనూ ఆల్కహాల్ పెరుగుతూ పోయింది. ఆటో బ్రూవరీ సిండ్రోమ్ అన్నారు. పేగుల్లో ఈస్ట్ అనే సూక్ష్మజీవి పెరిగిపోయి, తిన్న అన్నాన్నీ తీపినీ అక్కడికక్కడే సారాగా మార్చేస్తుందట. చాలా అరుదు. అంతకుముందు కాలికి పుండు పడి అతను నెలల తరబడి వాడిన యాంటీబయాటిక్స్ దీనికి దారితీసి ఉండొచ్చన్నారు. నాకు దీక్ష భోజనం గుర్తొచ్చింది. కడుపునిండా అన్నం, పులిహోర, పాయసం, అరటిపళ్లు. తాగుడు మాన్పించాలని ఆమె వేయించిన మాలే అతన్ని ఇంకా తూలేట్టు చేసింది.

జబ్బు అని తెలిశాక సైదులు సంబరపడలేదు. “గిది నాగమణికి చెప్పున్రి” అన్నాడు, అంతే. నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె అంతా విని, “మీచేత కూడా అబద్ధం చెప్పిస్తున్నాడాండీ?” అని పెట్టేసింది.

మందులిచ్చి, అన్నం మానేసి గుడ్లు, కూరలు తినమని చెప్పి ఇంటికి పంపాం. ఇంట్లో ఎవరూ లేరు. మళ్లీ స్టీరింగ్ ఎవరూ ఇవ్వలేదు. జబ్బు పేరు చెబితే ఊళ్లో పడీ పడీ నవ్వారట. మేం జబ్బు పట్టుకోగలిగాం, ఆ నవ్వుల్ని ఏం చేయగలం?

ఎండలు ముదిరాక నాగమణే అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కోదాడలో తనకు నమ్మకమున్న డాక్టరు కూడా ఇలాంటి జబ్బు ఉందని చెబితే మొగుడి దగ్గరికి తిరిగొచ్చిందట.

“అన్నం మెతుకు కూడా పెట్టట్లేదండీ, అయినా వాసనొస్తోంది. జబ్బు తిరగబెట్టింది. ఈయన తాగడు, నాకు తెలుసు” అంది.

ఆ ఒక్క మాట కోసమే అతను ఎన్నాళ్లు ఎదురుచూశాడో నాకు తెలుసు. సైదులు మాత్రం తలెత్తలేదు.

“రోగం కాదు సిస్టరమ్మా. తాగిన. తాగనప్పుడు ఒక్కలు నమ్మలే. ఒక్కణ్నే ఉన్న, ఇగ తాగుడు షురూ చేసిన. ఇప్పుడు ఇడుస్తలేదు.”

నాగమణి అతని చెయ్యి వదల్లేదు. “మత్తులో అలాగే అంటాడండీ, నమ్మకండి” అంది నాతో.

ఈసారీ అతని మాట ఆమె నమ్మలేదు. రక్తపరీక్ష ఫలితం రాకముందే నేను నమ్మాను, మొదటిసారి అతని చేతుల్లో లేని, రోజూ తాగేవాళ్లకుండే వణుకు చూసి. ఆ రోజు నుంచి, తాగలేదన్న ప్రతి మనిషినీ ముందు ఏం తిన్నావని అడుగుతున్నాను. ఆ ప్రశ్న సైదులుకి ఇక పనికిరాదు. పాత మంచమే ఇచ్చాం. ఇప్పుడతను మా వార్డులో అందరిలాంటి పేషెంటే.