కళ్లు తెరిచిన రాయి

మా అన్న కుడిచెయ్యి బండకూ ఇనుప స్టాండుకూ మధ్య నలిగిపోయిన రోజు ఫ్యాక్టరీ మేనేజరు తన గాజుగదిలోంచి బయటికి వచ్చి మొదట అడిగిన మాట, "పలక పగిలిందా?"

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అన్న అరవలేదు. అరిచింది నేను. కోత మిషన్ ఆపిన మనిషిని మేనేజరు బూటుకాలితో నడుము మీద తన్నాడు, ఎవరిని అడిగి ఆపినావని. నలుగురం గడ్డపారలు పెట్టి పలకను లేపాం. అన్న చేతిలో బొటనవేలు, చిటికెన వేలు మాత్రమే వేళ్లలాగా మిగిలాయి. మధ్యలో మూడూ ఎట్లా అయ్యాయో చెప్పడం నాకిప్పటికీ చేతకాదు. పాలిష్ నీళ్లు తెల్లగా పారే కాలువలో నెత్తురు కలిసి, ఆ నీళ్లు లేత గులాబీ రంగులో మా కాళ్ల మధ్య పోయాయి. మేనేజరు తన బూట్లు తడవకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు.

అది నంద్యాల బయట ఒక పాలిష్ బండల ఫ్యాక్టరీ. పేరు చెప్పను. మాది ఆళ్లగడ్డ, తాతల కాలం నుంచి దేవుళ్లను చెక్కే ఇల్లు. గుడి పనులు రాని రెండేళ్లు ఆ ఫ్యాక్టరీకి పోయాం. రాయి ఎటు పగులుతుందో చూపుతోనే చెప్పగలిగేవాళ్లు కావాలన్నారు వాళ్లు. అన్న తట్టి, చప్పుడు విని చెప్పేవాడు. పలకలు ఎత్తే గొలుసు అరిగిపోయిందని ఆ వారంలో రెండుసార్లు చెప్పింది కూడా అన్నే. "భయమైతే ఇంటికి పోయి బొమ్మలు చెక్కుకో" అన్నాడు మేనేజరు. మూడో రోజు గొలుసు తెగింది.

ఆ మేనేజరు గురించి కొంచెం చెప్పాలి. ఆలస్యంగా వచ్చినవాడి నెత్తిన పలక పెట్టించి ఎండలో నిలబెట్టేవాడు. చెంపదెబ్బ కొట్టాక జేబురుమాలు తీసి తన చెయ్యి తుడుచుకునేవాడు, అదేదో మా చెంపలకు అంటురోగం ఉన్నట్టు. ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసుకుని ఉండేది. కొట్టేటప్పుడు మాత్రం పూర్తిగా తెరుచుకునేది. అన్న ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, తాగి పనికి వచ్చి చెయ్యి పెట్టాడని కాగితం రాయించాడు. మా అన్న సోడా కూడా గ్యాస్ పోయేదాకా ఆగి తాగే మనిషి. మేము కూడా కాగితాలు పెట్టాం, తిరిగాం. చివరికి ఆ తాగుబోతు కాగితమే గెలిచింది.

మా ఇద్దరిలో అసలు శిల్పి అన్న. నేను చెక్కితే దేవుడు వస్తాడు, అన్న చెక్కితే ఆ దేవుడు ఏదో అనబోతున్నట్టుంటాడు. ఇంటికి వచ్చాక అన్న ఉలి ముట్టలేదు. ఎడమచేత్తో నేర్చుకోమని నాయన ఒకసారి అన్నాడు, మళ్లీ అనలేదు. షెడ్డులో ఒక మూల కూర్చుని నేను కొట్టే దెబ్బలకు తగ్గట్టు తొడ మీద వేళ్లు ఆడించేవాడు. మాటలు తగ్గిపోయాయి. ఒక్క మాట మాత్రం రోజూ అనేవాడు, అన్నం ముందు కూర్చుని, ఎవరితోనో కాదు, తనలో తానే.

"వాన్ని ఒక్క దెబ్బ కొట్టాల. ఒక్కటే."

ఆ ఒక్క దెబ్బ మా అన్నకు ఎట్లాగైనా ఇప్పించాలని నాకు పిచ్చిగా ఉండేది. ఫ్యాక్టరీ గేటు దగ్గర గడ్డపారతో కాపు కాద్దామని కూడా అనుకున్నాను. నాకు ఇద్దరు పిల్లలు. కాయలేదు.

రెండేళ్లు గడిచాక సినిమావాళ్లు వచ్చారు. టోపీ పెట్టుకున్న ఒక అసిస్టెంటు డైరెక్టరు మా షెడ్డులో నిలబడి కథ చెప్పాడు. ఒక కంపెనీ పెద్ద ఉంటాడు. పనివాళ్లను పురుగుల్లా నలుపుతాడు. తన విగ్రహం తానే ఫ్యాక్టరీ ముందు పెట్టించుకుంటాడు. చివర్లో అందరూ తిరగబడి మొదట విగ్రహాన్ని పగలగొడతారు, తర్వాత వాడిని. నెత్తురు సినిమా. విగ్రహం పైభాగం మెత్తరాయిలో కావాలి, వెనక డొల్లగా తొలిచి ఉండాలి, సమ్మెట తగలగానే పగలాలి. నటుడి ఫొటోలు నాలుగు ఇచ్చాడు.

"ముఖం సరిగ్గా రాకపోయినా పర్లేదండీ, ఎట్లాగూ పగిలిపోయేదే" అన్నాడు.

ఆ మాట నాకు చాలు. ఫొటోలు తీసుకుపోయి బియ్యం డబ్బా కింద పెట్టాను.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. మేము బొమ్మకు కళ్లు అన్నిటికన్నా చివర తెరుస్తాం. అప్పటిదాకా అది రాయే. దాని మీద కూర్చుంటాం, టిఫిన్ డబ్బా పెడతాం, తడిచొక్కా ఆరేస్తాం. పూజ చేసి, సన్న ఉలితో కనుపాపలు గీసి, మొదటి చూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పెట్టాక మాత్రం అది రాయి కాదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి సుత్తీ దాని మీదకు లేవదు. ఏ కారణం చేతనైనా విరిగితే పారే నీళ్లలో వదిలిపెడతాం. దేవుడైనా, ఊరి పెద్దమనిషి విగ్రహమైనా అంతే. ఇది ఎవరూ మాకు కూర్చోబెట్టి నేర్పలేదు. ఎంగిలి చేత్తో వడ్డించకూడదని తెలిసినట్టు తెలుసు, అంతే.

"సినిమా బొమ్మకు కండ్లు పెట్టొద్దు. పగిలేదానికి కండ్లేందుకు?" అన్నాడు నాయన.

"పెట్టన్లే నాయనా."

పద్దెనిమిది రోజులు చెక్కాను. గోనెపట్టా కప్పి ఉంచి, అన్నను అటు రానివ్వలేదు. నా చేతికి అంత బాగా పని ఎప్పుడూ రాలేదు. ప్రేమతో చెక్కితే బాగా వస్తుందంటారు గానీ, పగతో కూడా బాగానే వస్తుంది. ఆ దవడ, ఆ కింది పెదవి, జేబురుమాలు తీసేముందు ముక్కు ముడిచే తీరు, అన్నీ వచ్చాయి. నాయన మేనేజరును ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఆయనకు తెలియలేదు.

లారీ వచ్చే రోజు పొద్దున పట్టా తీసి చూశాను. ముఖం ఉంది, వాడు లేడు. కళ్లు లేకపోతే ఎవడో ఒకడు, అంతే. షూటింగులో పగలగొట్టే గుంపులో అన్నను నిలబెట్టాలని నా ఎత్తు. ఇట్లా అయితే అన్న గుడ్డివాణ్ని కొట్టినట్టవుతుందనిపించింది. దెబ్బ పడేముందు వాడు మా అన్నను చూడాలి, ఎవరు కొడుతున్నారో వాడికి తెలియాలి. నాయన పాలకు పోయాడు. సన్న ఉలి తీసుకుని ఎడమరెప్ప సగం దించి, రెండు కనుపాపలూ తెరిచాను. పూజ లేదు, అద్దం లేదు. వాడి మొదటి చూపు నా మీదే పడింది.

షూటింగు ప్యాపిలి వైపు ఒక పాత బండల గనిలో. గుంపులో నిలబడడానికి చుట్టుపక్కల పనివాళ్లను పిలిచారు. నేను అన్నను తీసుకుపోయాను. టోపీ అసిస్టెంటు అన్న చెయ్యి చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. డైరెక్టరును పిలుచుకొచ్చాడు. ఇద్దరూ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశారు, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు. మొదటి దెబ్బ ఈయనదే, ఈ చెయ్యి కెమెరాకు భలే ఉంటుంది అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ నేను వచ్చిందే ఆ మొదటి దెబ్బ కోసం.

గనిలో ఎండ నెత్తి మాడ్చుతోంది. దిమ్మె మీద బొమ్మను నిలబెట్టి గుడ్డ కప్పారు. అన్న ఎడమచేత్తో సమ్మెట పిడి పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లు దానికి తగిలించాడు. నేను వెనక గుంపులో ఉన్నాను. గుడ్డ లాగారు.

అన్న వెన్ను బిగుసుకోవడం నాకు వెనక నుంచే కనిపించింది. గుర్తుపట్టాడు. సమ్మెట పైకి లేచింది, భుజం దాటింది, నెత్తి దాటింది. కొట్టు అన్నా, కొట్టు. అన్న ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ ముఖంలోకి చూసి, ఆగాడు. సమ్మెట గాల్లోనే ఉండిపోయింది. డైరెక్టరు మైకులో అరుస్తూనే ఉన్నాడు. సమ్మెట మెల్లగా కిందికి దిగి నేలకు ఆనింది.

"మిగతావాళ్లు కొట్టండి" అని మైకు అరిచింది.

గుంపు అన్నను తోసుకుని పోయి పడింది. అది నటన కాదు. వాళ్లలో ఎవరి మేనేజరు ఎవరో నాకు తెలియదు గానీ ఒక్కొక్క దెబ్బా నిజం దెబ్బే. చెవి ఎగిరింది, భుజం రాలింది, ఒకడికి రాతిముక్క తగిలి నుదురు చిట్లి నెత్తురు కారుతున్నా ఆగలేదు. డొల్ల కాబట్టి ముఖం మాత్రం పళ్లెంలాగా ఊడి దుమ్ములో దొర్లి, వెల్లకిలా పడింది. కళ్లు రెండూ చెక్కుచెదరలేదు.

అన్న దాని పక్కన కూర్చున్నాడు. నేను పోయి నిలబడ్డాను.

"కండ్లు నువ్వు తెరిచినావా?"

"ఔ. వాడు నిన్ను చూడాలని."

"రాయి అయ్యింటే పిండి చేసేవాన్ని. మనిషిని చేసిపెడితివి. మనిషి నెత్తిన సమ్మెట ఎట్ల ఏస్తానప్పా నేను?"

ఆ ముఖాన్ని అన్న చొక్కాలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. రెండేళ్లు అన్న మోసిన ఒక్క కోరికను నా ఉలితోనే చెడగొట్టాను. ఇంకెవరి తమ్ముడైనా కళ్లు చెక్కి ఉంటే వాళ్లన్న హాయిగా పగలగొట్టి ఉండేవాడు. మా ఇంట్లో పుట్టాం కాబట్టి వాడు బతికిపోయాడు.

సినిమా వచ్చింది. నంద్యాలలో మ్యాట్నీకి పోదామని అన్నే అన్నాడు. బైక్ మీద నా వెనక కూర్చున్నాడు, ఒళ్లో ఒక గుడ్డసంచి. బరువుగా ఉంది. అడిగితే చెప్పలేదు. హాల్లో కూడా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాడు.

హాలు నిండా ఫ్యాక్టరీల నుంచీ, మార్కెట్ యార్డు నుంచీ వచ్చిన మగవాళ్లే. తెరమీద కంపెనీ పెద్ద ఒకడి వేళ్లను తలుపులో పెట్టి నలుపుతుంటే నేను అన్న వైపు చూడలేకపోయాను. రెండో సగమంతా వాడికి మూడింది. కొడుకు వదిలేశాడు, డ్రైవరే వాడి గొంతు పిసికాడు, సొంత మిషన్ వాడి కోటు అంచు పట్టుకుని లోపలికి లాగబోయింది. జనం కుర్చీలు ఎక్కారు. నేనూ ఈల వేశాను. సిగ్గేమీ పడను, నాకు చాలా బాగుంది.

అప్పుడు విగ్రహం సీను వచ్చింది. మా అన్న కనిపించాడు, తెరంత పెద్దగా. నలిగిన చెయ్యి, గాల్లో ఆగిన సమ్మెట. డైరెక్టరు ఆ ఆగడాన్ని తీసెయ్యలేదు. ఇంకా సాగదీసి పెట్టాడు. హాలు ఊరుకోలేదు.

"కొట్రా! ఏం చూస్తాండావ్, కొట్టు!"

"చేతకాదా నీకు, దిగు ఆడ్నుంచి!"

నూరు గొంతులు మా అన్నను తిడుతున్నాయి. ఆ మనిషి వాళ్ల మధ్యే కూర్చున్నాడని ఎవరికీ తెలియదు. ఉన్నట్టుండి దగ్గరలో ఒక గొంతు అందరికన్నా గట్టిగా "కొట్టు, కొట్టు" అని అరుస్తోంది. అది నాదే. నోరు మూసుకునేసరికి అన్న నా వైపు తిరిగి చూస్తున్నాడు. తెరమీద సమ్మెట దిగింది. మేము చివరిదాకా కూర్చోలేదు.

ఆళ్లగడ్డ దారిలో కాలువ వంతెన దగ్గర అన్న బండి ఆపమన్నాడు. ఎండ ఇంకా వాలలేదు. కాలువలో నీళ్లు నిండుగా పోతున్నాయి. గట్టు దిగి సంచి విప్పాడు. ముఖం, దాంతో పాటు నా సుత్తి, ఒక పెద్ద ఉలి. నా పెట్టెలోంచి ఎప్పుడు తీశాడో.

ముఖాన్ని గడ్డిలో వెల్లకిలా పెట్టాడు. సుత్తి నా చేతిలో పెట్టాడు.

"నన్ను కొట్టమని అరిచినావ్ గదా. నాకైతే ఒక చెయ్యి ల్యా. నీకు రెండూ ఉండాయి. కొట్టు."

వెక్కిరింపు కాదు. నిజంగానే ఇచ్చాడు. ఉలి మొన ఆ ఎడమకన్ను మీద ఆనించాను. వాడు అన్నను తాగుబోతును చేసింది గుర్తు తెచ్చుకున్నాను. గులాబీ రంగు నీళ్లు గుర్తు తెచ్చుకున్నాను. బూట్లు తడవకుండా వేసిన అడుగు గుర్తు తెచ్చుకున్నాను. సుత్తి ఎత్తాను. వాడు మొట్టమొదట చూసింది నన్నే. ఇప్పుడూ నన్నే చూస్తున్నాడు.

కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. చెయ్యి మాత్రం దిగలేదు.

అన్న సుత్తి నా చేతిలోంచి తీసుకున్నాడు. ముఖాన్ని ఎడమచేత్తో గుండెకు ఆనించి ఎత్తుకుని నీళ్లలోకి మోకాలిదాకా దిగాడు. మా ఇంట్లో విరిగిన బొమ్మలను ఎట్లా వదిలిపెడతామో అట్లాగే, విసరకుండా, వంగి వదిలాడు. గట్టెక్కి వచ్చి లుంగీ పిండుకున్నాడు.

"తమ్ముడా, ఇంగ నన్ను అరవొద్దు" అన్నాడు.

ఆ మేనేజరు అదే ఫ్యాక్టరీలో ఉన్నాడు, ఇంకా పై పదవిలో. అన్న ఇప్పుడు భోంచేసేటప్పుడు ఆ ఒక్క దెబ్బ మాట అనడం లేదు. నేను అనుకుంటున్నాను, రోజూ, బయటికి వినపడకుండా.