నాయినమ్మ పేగుకు నేను చెప్పిన పాఠం

ఇరవై మూడేళ్ళ వయసులో కొందరు మగపిల్లలకు ఒక జబ్బు చేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఏమీ తెలియదని, తమకు అన్నీ తెలుసని నమ్మడం దాని లక్షణం. నాకది బాగా ముదిరింది, ఎందుకంటే ఆ ఏడే కాగజ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. రెండు నెలలు నా వంట నేనే తిని చిక్కిపోయాక, హుస్నాబాద్ దగ్గరి మా ఊరికి వెళ్ళి నాయినమ్మను వెంట తెచ్చుకున్నాను. డెబ్బై దాటిన మనిషి. ఊళ్ళో జొన్నరవ్వతో వండిన గట్క, ఆకుకూర పప్పు, చెంబెడు మజ్జిగ ఆమె భోజనం. నేనేమో "సారు ఇంట్ల గట్కేంది నాయినమ్మా, మంది నవ్వుతరు" అని సన్నబియ్యం తెచ్చాను. పొద్దున చాయ్‌లో ముంచుకోవడానికి బ్రెడ్డు తెచ్చాను. (సగం పళ్ళు లేవు కనుక బ్రెడ్డే మేలని నా శాస్త్రీయ నిర్ణయం.)

మూడో వారానికి ఆమె పళ్ళెం ముందు కూర్చుని అన్నం కెలకడం మొదలుపెట్టింది. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే గోడవైపు తిరిగి, "బయటికి పోక నాలుగొద్దులాయె బిడ్డా" అంది. సరిగ్గా ఆ వారమే నేను ఏడో తరగతికి జీర్ణవ్యవస్థ పాఠం చెబుతున్నాను. సాయంత్రం బడి నుంచి పేగుల పటం చుట్టి చంకలో పెట్టుకొచ్చాను. మేకుకు తగిలించి, స్కేలుతో చూపిస్తూ, పీచు గురించి, పెద్దపేగు గురించి అరగంట ఊదరగొట్టాను. ఆమె ఓపిగ్గా విని, "బొమ్మల పేగు మంచిగనే ఉన్నది కొడుకా. నాదే జర మొండిది" అంది.

మొండిదానికి మందు కావాలి కదా! మర్నాడు ఇసబ్‌గోలు పొట్టు డబ్బా కొన్నాను. దాని మీద ఒక చెంచా అని రాసి ఉంటే నేను మూడు అన్నాను. పొద్దున మూడు, సాయంత్రం మూడు. ఆమె అరచేతిలో పోసుకుని, ఒక్క గుక్క నీళ్ళతో మింగి, కళ్ళు మూసుకునేది. ఇంటి యజమాని భార్యను నేను ఖాలా అని పిలిచేవాణ్ణి. ఆమె గోడ మీదుగా తొంగిచూసి, "బేటా, దాదీ నీళ్ళు ముడుతలేదు. పొద్దున నింపిన చెంబు నింపినట్టే ఉంటున్నది" అంది. "పొట్టు పని చేస్తది ఖాలా, ఫికర్ చెయ్యకు" అని బడికి వెళ్ళిపోయాను. నీళ్ళు చాలకపోతే పెద్దపేగులో ఏమవుతుందో ఆ రోజే పిల్లలకు బోర్డు మీద రాసిచ్చాను. నా చేత్తోనే రాశాను. పిల్లలంతా చదివారు, నేను తప్ప.

పొట్టు మొదలైన ఆరో రోజు మధ్యాహ్నం ఖాలా తరగతి గుమ్మంలోకే వచ్చేసింది. "నడువ్ బేటా, దాదీ కక్కుతున్నది." పరుగెత్తాను. నాయినమ్మ మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. నుదురంతా చెమట. పొట్ట మీద చెయ్యి వేస్తే రాయిలా తగిలింది. ఆటోలో ఆస్పత్రి దాకా నా మణికట్టు వదల్లేదు.

పెద్దవయసు డాక్టరు పొట్ట నొక్కి చూసి, నేనేమిచ్చానో అడిగి, నాయినమ్మ వైపు తిరిగాడు. "దినాం నీళ్ళెన్ని తాగుతవవ్వా?"

"నోరు తడిసేటంత."

"ఎందుకట్ల?"

ఆమె నా మొహం చూసింది. "ఈడు వద్దన్నడు సారూ. ఒచ్చేనాడు బస్సు ఆపుమన్న. మందిల ఇజ్జత్ పాయె, గన్ని నీళ్ళు నిన్నెవరు తాగుమన్నరే అన్నడు. గీడ దొడ్డి సుత ఖాలమ్మోళ్ళతోటి కలిపే ఉన్నది. మాటిమాటికి పోతే పిల్లగానికి నామోషి. గందుకే మానుకున్న."

అందులో ఫిర్యాదు లేదు. మనవడు చెప్పిన మాట తప్పలేదన్న తృప్తి ఉంది. కరీంనగర్ దాటాక బస్సు నిండా కాలేజీ అమ్మాయిలు ఉండగా నేనన్న మాట అది. బస్సు దిగేసరికి నేను మరచిపోయాను. ఆమె పాటించింది.

"నువ్వేం పని చేస్తవ్?" అన్నాడు డాక్టరు.

"టీచర్ను సార్."

"ఏం చెప్తవ్?"

నా జీవితంలో అంత కష్టమైన ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు. "సైన్సు" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసేశాడు. "పొట్టు పోసి నీళ్ళియ్యలే. కడుపుల గోడ కట్టినవ్ సారూ! ఎనిమా ఇప్పిస్త, సెలైన్ పెడత. పొద్దుమీకేదాక చూద్దాం. కదలకుంటే కరీంనగర్ తీస్కపోవాలె. గీ వయసుల ఆపరేషన్ అంటే… నీకు నేను చెప్పాల్నా?"

వరండాలో ఖాలా తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. వండిపెట్టడానికని తన తల్లిని తీసుకుపోయి ఏం చేశావని బాపు అడిగితే ఏమనాలి? నర్సు రెండుసార్లు బయటికి వచ్చింది, రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. ఎండ గోడ మీంచి దిగి, నేల మీంచి జారి, గుమ్మం దాటిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు ఆమె, "అయింది" అంది. అంతే, నేను నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. పక్కనున్న పెద్దమనిషి నా భుజం తట్టి, "మొగపిల్లగాడా, ఆడపిల్లనా తమ్మీ?" అని అడిగాడు. ఖాలా కళ్ళు తుడుచుకుంటూ, "పుట్టలే భాయ్, దాదీ బతికింది" అంది.

పది రోజుల తర్వాత నాయినమ్మను ఊరికి తీసుకెళ్ళాను. బస్సు కదలక ముందే కండక్టరు దగ్గరికి పోయి, "అన్నా, మా నాయినమ్మ కోసం నడుమ ఆపాలె. రెండు మూడుసార్లు" అన్నాను. "గిది మీ ఇంటి బస్సా?" అన్నాడు. "కాదన్నా. డాక్టర్ నీళ్ళు తాగుమన్నడు. ఆమె కోసం కాకుంటే నా కోసమని ఆపు, నేను సుత తాగుత" అన్నాను. అతను నవ్వి సరేనన్నాడు. సీసా అందిస్తే నాయినమ్మ నా మొహం చూస్తూనే ఒక్కో గుక్కా తాగింది. బస్సు ఆగింది. జనం తలలు బయటపెట్టి చూశారు. (నా చెవులు అప్పుడూ వేడెక్కాయి, అబద్ధం చెప్పను.) ఆమె తీరిగ్గా వచ్చి, కొంగు సవరించుకుని కూర్చుని, బస్సంతా వినేలా, "ఇంకిన్ని నీళ్ళు పొయ్యి" అంది.

ఆమె వయసు నాకింకా రాలేదు గానీ, అటు పోయే దారి కనిపిస్తోంది. మొన్న ఆసిఫాబాద్ నుంచి వస్తున్న బస్సులో పక్క సీటాయన ఎండిన పెదవులు నాలుకతో తడుపుకుంటున్నాడు. నీళ్ళసీసా అందించాను. "వద్దు సార్, మళ్ళ దిగుడైతది" అన్నాడు చిన్నగా. "తాగుండ్రి. ఆపుమని నేనడుగుత" అన్నాను. నిండు బస్సులో లేచి నిలబడి రెండుసార్లు అడిగాను. రెండోసారి నా కోసమే.