సింగన్నకు గొంతిచ్చిన ఐలేశం

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌కు వచ్చే రైతుల్లో ఐలేశం గొంతు వినని వాడు లేడు. కమీషన్ దుకాణం ముందు కాయల రాశి పక్కన నిలబడి అతను వేలం పాట ఎత్తుకుంటే, అవతల హైవే మీద లారీలు ఎంత మోత మోగినా, ఎక్కడో మూలన బస్తా మీద కూర్చున్న ముసలాయన చెవిన కూడా ధర పడాల్సిందే. మనిషి పొట్టి. గొంతు మాత్రం గుట్టంత. గొల్లల ఇంట పుట్టి, చిన్నప్పుడు తండ్రి వెంట పానగల్ పక్క గుట్టల్లో గొర్లు కాశాడు. ఆ గుట్టకూ ఈ గుట్టకూ మధ్య కేకలేసి కేకలేసి సాగిన గొంతు అది.

ఆ గొంతును చూసుకుని మురిసే వయసులో హైదరాబాద్ పోయాడు. టీవీ నాటకాలకు డబ్బింగ్ చెప్పే చోట పని దొరికింది. గొంతు బాగుందని అందరూ అన్నారు. బాగుందని అన్నవాళ్లే దొంగల మాటలు, రౌడీల మాటలు, పనివాళ్ల మాటలు అతనికిచ్చి, నాయకుడి మాటలు మరొకరికి ఇచ్చేవారు. అదేమని అడిగితే, "నీ యాసకు ఇవే సెట్ అవుతాయోయ్" అని నవ్వేవారు. ఐలేశం కూడా నవ్వి ఊరుకునేవాడు. పని దొరకడమే గొప్ప అనుకున్నాడు.

ఒకసారి ఊరికి కబురు పంపాడు, ఆదివారం టీవీలో తన గొంతు వస్తుంది చూడమని. తనూ వచ్చాడు. వాడలో టీవీ ఉన్న ఒక్క ఇంట్లో అందరూ కూర్చున్నారు. తల్లి సాలమ్మను అందరికంటే ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఒక కోళ్ల దొంగను స్తంభానికి కట్టేసి కొడుతున్నారు. వాడు నోరు తెరిచినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. వాడి గొంతే ఐలేశం గొంతు. వాడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. సాలమ్మ మధ్యలోనే లేచి బయటికి వచ్చేసింది. వెనకాలే వచ్చిన కొడుకును ఒక్క మాట అడిగింది.

"వాడు మన లెక్కనే మాట్లాడుతుండు గద కొడుకా. గా మాటకేనా గంతగనం నవ్వుడు?"

ఐలేశం ఆ ఏడాదే హైదరాబాద్ వదిలేసి వచ్చాడు. నాగరాణితో పెళ్లయ్యాక, తల్లినీ తీసుకుని నకిరేకల్‌లో కిరాయి ఇంట్లో దిగాడు. మార్కెట్‌లో కుదురుకున్నాడు. డబ్బింగ్ సంగతి మళ్లీ ఎత్తలేదు. కూతురు అనూహ్యకు తన తండ్రి ఒకప్పుడు టీవీకి పనిచేశాడని కూడా తెలియదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఒకరోజు స్నిగ్ధ అనే అమ్మాయి మార్కెట్‌కు వచ్చింది. వాళ్ల మేనమామ తోట కాయలతో పాటు ఊరికే చూడటానికి వచ్చిందట. హైదరాబాద్‌లో ఒక టీవీ చానల్‌కు పిల్లల సీరియల్ తీస్తోంది. అందులో అన్నాచెల్లెళ్లు ఇద్దరు డిపోలో మూలకు పడేసిన పాత ఎర్రబస్సు ఎక్కితే, అది వాళ్లను తీసుకుపోయి వెనకటి కాలంలో దించుతుంది. ప్రతి ఆదివారం ఒక కాలం. ఈసారి బస్సు గట్టు సింగన్న కాలానికి పోవాలి.

సింగన్న కథ మా వైపు గొర్ల కాపరులకు కొత్త కాదు. కరువు కాలంలో కోట దొర గుర్రపు బంట్లను పంపి ఊళ్ల మందలన్నీ తోలుకుపోతుంటే, సింగన్న ఒక్కడే గట్టెక్కి కూత పెట్టాడట. ఆ కూత వినగానే మందలు వెనక్కి తిరిగాయట. గుర్రాల కాళ్ల సందున దూరి గొర్లు ఉరుకుతుంటే గుర్రాలు బెదిరి బంట్లను కింద పడేశాయట. అది పెద్దలు చెప్పే మాట.

వేలం ముగిసేదాకా స్నిగ్ధ అక్కడే నిలబడింది. తర్వాత ఐలేశం దగ్గరికి వచ్చింది.

"అన్నా, నా కథల ఒక మనిషికి గొంతు దొరుకుతలేదు. మీరొచ్చి చెప్తరా?"

"దొంగకా మేడం?" అన్నాడు ఐలేశం.

"దొంగకెందుకన్నా? సింగన్నకు. నన్ను మేడం అనకుండ్రి, నేను అచ్చంపేట పిల్లనే."

ఐలేశం తలకు చుట్టిన రుమాలు విప్పి ముఖం తుడుచుకుంటూ అడిగాడు. "మరి ఏ భాషల చెప్పాలె బిడ్డా?"

"ఇంట్ల మీరు మాట్లాడే భాషలనే."

దుకాణం పని మీద పోతున్నానని ఇంట్లో చెప్పి హైదరాబాద్ పోయాడు. ఆ అద్దాల గదిలో, మైకు ముందు, సింగన్న మాటలు చెప్పాడు. కూత దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కన పెట్టేసి, తండ్రి మందను పిలిచే కూతనే పెట్టాడు. తిరిగి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. ఒకసారి చెప్పి అనుభవించింది చాలనుకున్నాడు.

అయినా ఆ ఆదివారం సాయంత్రం ఇంట్లో టీవీ ముందు అందరూ కూర్చునే ఉన్నారు. సింగన్న కథ వస్తుందని అనూహ్య ఎక్కడో చూసి నాయనమ్మకు చెప్పింది. పక్కింటి సాల్మన్ కూడా వచ్చాడు. అతను మార్కెట్‌లోనే హమాలీ, ఐలేశానికి ప్రాణమిత్రుడు. ఐలేశం మాత్రం గడప దగ్గర కూర్చున్నాడు, అవసరమైతే లేచిపోవడానికి వీలుగా.

ఎర్రబస్సు గుట్ట కింద ఆగింది. పిల్లలిద్దరూ బిక్కుబిక్కుమంటూ దిగారు. భుజాన గొంగడి వేసుకున్న మనిషి ఎదురొచ్చి వాళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవలు బిడ్డా మీరు? మొఖాలు గిట్ల వాడినయేంది, ఆకలైతాందా? దా, గింత జొన్నరొట్టె తినుండ్రి."

చింతపండు గింజ తీస్తున్న సాలమ్మ చేయి ఆగిపోయింది. "వీడు నా కొడుకు" అంది.

"కాదత్తా, ఆయనెవలో యాక్టర్" అంది నాగరాణి.

"మొఖం ఎవలదో నాకు తెల్వది. గొంతు మాత్రం నేను కన్నదే."

అందరూ గడప వైపు తిరిగారు. ఐలేశం తల వంచుకున్నాడు.

"అంటే గిదా నువ్వు పోయిన దుకాణం పని?" అని నాగరాణి నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఏమోయ్, సింగన్న మా పక్కింట్లనే ఉంటుండు, నాకే చెప్పలేదా?" అని సాల్మన్ లేచి వచ్చి అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. అనూహ్య "బాపూ! బాపూ!" అని తప్ప ఇంకో మాట అనలేకపోతోంది.

"కథ నడుస్తాంది. సప్పుడు చెయ్యకుండ్రి" అని సాలమ్మ గద్దించింది.

సింగన్న గట్టెక్కి కూత పెట్టాడు. తెర నిండా మందలు వెనక్కి మళ్లుతున్నాయి. సాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ చివరిదాకా చూసింది. అయిపోయాక కొడుకును దగ్గరికి పిలిచి తల నిమిరింది. "ఒక్కలు నవ్వలే కొడుకా" అంది.

మరునాడు మార్కెట్‌లో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. "సింగన్నా, నా రాశి దిక్కు జర రా" అంటూ రైతులు పిలుస్తుంటే అతనికి సిగ్గూ సంబరమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మధ్యాహ్నం స్నిగ్ధ ఫోన్ చేసింది. నవ్వుతో ఆమెకు మాట రావడం లేదు. అచ్చంపేట అవతల అడవికి దగ్గరి పల్లె నుంచి ఒక కాపరి చానల్‌కు ఫోన్ చేశాడట. "టీవీల ఆయన కూతవెట్టంగనే మా దొడ్లె గొర్లన్ని లేచి నిలవడ్డయి. నేనింక పులి వచ్చిందనుకొని కట్టె వట్టుకొని ఉరికిన" అన్నాడట.

కానీ వారం తిరగకుండానే స్నిగ్ధ స్వయంగా నకిరేకల్ వచ్చింది. ఈసారి నవ్వు లేదు. వీరుడనే వాడు ఇలా మాట్లాడతాడా, పిల్లల భాష చెడిపోతుంది అని చూసినవాళ్లు కొందరు చానల్‌కు రాశారట. రెండోసారి వేసేటప్పుడు వేరే గొంతుతో, పుస్తకాల భాషలో చెప్పిద్దామని ఆఫీసులో పెద్దవాళ్లు అంటున్నారట.

"నాకు చెప్పబుద్ధి అయితలేదన్నా. కానీ ఇంకొకల నోట మీరు వినొద్దని నేనే వచ్చిన."

ఐలేశం ఆమెకు చాయ్ తెప్పించాడు. ఆమె తాగాక నెమ్మదిగా చెప్పాడు.

"గొంతు మార్చుకుంటే మార్చుకోండ్రి బిడ్డా, నాకేం ఫికర్ లేదు. నాకన్న మంచి గొంతు దొరుకుతది. మాట మాత్రం మార్చకుండ్రి. సింగన్న గా గట్టు మీద గట్లనే పిలిచి ఉంటడు. వేరే మాటకు గొర్లు తిరుగయి."

స్నిగ్ధ ఆ మాటను ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పింది. అంతటితో ఆగక, సింగన్న భాష మీద మీరేమంటారని చానల్ తరఫున చూసేవాళ్లనే అడిగింది. ఇక అభిప్రాయాలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. అనూహ్య ఫోన్ పట్టుకుని వాటిని నాయనమ్మకు చదివి వినిపించేది.

మక్తల్ వైపు టీచరమ్మ ఒకామె రాసింది: మా బడిలో పిల్లలు సింగన్న ఆట ఆడుతున్నారు, అందరూ సింగన్నలే అవుతామంటున్నారు, కోట దొర వేషానికి ఒక్కరూ దొరక్క చివరికి నేనే దొరనయ్యాను. ముంబైలో కట్టుబడి పనికి పోయిన పాలమూరు మనిషి గొంతు రికార్డు చేసి పంపాడు: "అందరం ఒక్క ఫోన్ల చూసినం అన్నా. జొన్నరొట్టె తినుండ్రి బిడ్డా అనంగనే మా బాపు యాదికొచ్చిండు. ఇక్కడ పనిల మా మాట విని నవ్వేటోళ్లకు ఇగ సింగన్నను చూపెడుతున్న." దాన్ని సాలమ్మ మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నది. శ్రీకాకుళం నుంచి ఒక తల్లి ఇలా పంపింది: "మాది సిక్కోలండి. మా పిల్లలు సింగన్నని సూసి ఒకటే గోల. మా పక్క ఈరుడు మా మాట మాటాడితే ఎప్పుడు సూత్తామో."

ఆఫీసులో పెద్దవాళ్లు మనసు మార్చుకున్నారు. రెండోసారి వేసినప్పుడు సింగన్న మాట అక్షరం మారలేదు. పైగా కథ చివర అందరికంటే ముందు పెద్ద అక్షరాల్లో పేరు వేశారు: సింగన్న గొంతు, ఐలేశం, నకిరేకల్. ఆ రోజు మార్కెట్‌లో పెద్ద టీవీ పెట్టించారు. పేరు రాగానే హమాలీలు ఈలలు వేశారు. రైతులు చందా వేసుకుని తెచ్చిన నల్ల గొంగడిని సాల్మన్ చేతుల మీదుగా అతని భుజాన కప్పారు. సాలమ్మ కుర్చీలో కూర్చుని, పక్కనున్న ప్రతి ఒక్కరికీ "నా కొడుకు, నా కొడుకే" అని చెబుతూనే ఉంది.

మరుసటి ఏడాది ఎర్రబస్సు శ్రీకాకుళం తీరానికి పోయింది. అక్కడి పడవల వీరుడి కథ. గొంతు చెప్పింది అక్కడి జాలరి ఒకాయన. ఐలేశం ఈసారి గడప దగ్గర కాదు, టీవీ ముందే కూర్చున్నాడు.

"కొన్ని మాటలు సమజ్ అయితలేవు బాపూ" అంది అనూహ్య.

"ఆయన మాట ఆయనది. చెవొగ్గి విను, అదే తెలుస్తది" అన్నాడు.

తుఫానులో ఆ వీరుడు తోటివాళ్లను కేకేసి పిలిచినప్పుడు ఐలేశం ఒళ్లు పులకరించింది. కథ అవగానే స్నిగ్ధకు ఫోన్ చేశాడు. "బిడ్డా, గా సిక్కోలాయన నంబర్ జర పంపు. మస్తు చెప్పిండని నేను చెప్పాలె."

ఆ ఇద్దరూ చాలాసేపే మాట్లాడుకున్నారు. ఒకరి మాట ఒకరికి ఎంత అర్థమైందో తెలియదు గానీ, నవ్వులు మాత్రం వంటింట్లోకి వినబడ్డాయని నాగరాణి చెబుతుంది.