ఆర్మెల్ దాచిన కన్ను

ఆర్మెల్ రూసెల్ తన ఆట మొత్తంలో కొట్టిన గోల్స్ మూడు. అందులో ఒకటి మా గోల్‌లోకే. అయినా మా ఊరు కోల్డ్ ఫోర్క్‌లో అతనికి ఎదురొచ్చి భుజం తట్టని మగవాడు లేడు. మా ఐస్ హాకీ జట్టు యాక్స్‌మెన్ అతన్ని తీసుకున్నది గోల్స్ కొట్టడానికి కాదు, మనుషుల్ని కొట్టడానికి.

కాగితం మిల్లులో దుంగల బెరడు ఒలిచే పని అతనిది. ఒక శనివారం సాయంత్రం బార్లో తన మీదికొచ్చిన ఇద్దరు లారీ డ్రైవర్లను చితకబాదాడు. అది చూసిన మా కోచ్, "మంచు మీద స్కేట్లేసుకుని తిరగ్గలవా?" అని అడిగాడు. "నిలబడగలను" అన్నాడు ఆర్మెల్. ఆ మాట చాలింది.

నేను పెనాల్టీ బాక్సుల తలుపులు తీసి మూసేవాణ్ణి. ఐస్ హాకీలో ఇద్దరు గ్లవ్స్ పారేసి కొట్టుకుంటే రిఫరీలు ఆపరు. ఒకడు కింద పడేదాకా చూసి, ఆ తర్వాత చెరో బాక్సులో ఐదు నిమిషాలు కూర్చోబెడతారు. మధ్యలో నేను. బ్రాంట్‌విల్ జట్టుకు కొట్టేవాడు స్టాన్ విల్చెక్, ఆర్మెల్ కంటే జానెడు పొడుగు. ఏళ్ళ తరబడి ఒకరి మూతి ఒకరు పగలగొట్టుకున్నారు. ఆ వెంటనే నాకు రెండుపక్కలా కూర్చుని, రక్తం ఉమ్ముకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

"మీ ఆవిడ జెర్మెన్‌కి దగ్గు తగ్గిందా?" అనేవాడు విల్చెక్.

"తగ్గింది. నీ పన్ను ఊడినట్టుందే?"

"అదెప్పట్నుంచో కదుల్తోందిలేరా."

"అయితే నాకు దణ్ణం పెట్టు. డాక్టర్ దగ్గరికి పోయే పని తప్పించా."

ఈ కొట్టేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ఆటకు ముందు రెండు జట్లూ ఒళ్ళు వేడెక్కించుకుంటుంటే, మధ్యలో ఎర్రగీత దగ్గర వీళ్ళిద్దరూ ఒక్క క్షణం ఆగుతారు. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ ఉంటే చెప్పాలి. భుజం అంటే భుజం, పక్కటెముక అంటే పక్కటెముక. రెండోవాడు ఆ చోటి జోలికి పోడు. మరీ పెద్ద దెబ్బయితే ఆ రోజుకు కొట్లాటే లేదు. చెప్పడంలో నామోషీ ఏమీ లేదు. చెప్పాక కూడా అక్కడే కొట్టినవాణ్ణి మాత్రం సొంత జట్టువాళ్ళే తన్నేవాళ్ళు.

జట్టు ఆఖరి ఏడు, జనవరిలో ప్రాక్టీసు చేస్తుండగా ఆటలో వాడే రబ్బరు బిళ్ళ ఎగిరొచ్చి ఆర్మెల్ ఎడమ కంటికి తగిలింది. లోపలి పొర చినిగింది, ఇంకొక్క దెబ్బ తగిలితే కన్ను పోతుంది అన్నాడు పట్నం డాక్టరు. ఆ సంగతి భార్య జెర్మెన్‌కు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. అదే నెలలో మిల్లు చేతులు మారింది. జట్టుకు డబ్బు పెట్టేది మిల్లే. కొత్తగా వచ్చిన కోటుగాళ్ళు మార్చి తర్వాత జట్టు ఉండదని చెప్పేశారు. వాళ్ళ నోట్లో మన్ను పడ, మా నాన్నల కాలం నాటి జట్టది!

ఆఖరి ఆట బ్రాంట్‌విల్‌తోనే పడింది. ఊరంతా వచ్చి, "ఆర్మెల్! ఆర్మెల్!" అంటూ బల్లలు బాదుతోంది. ఎర్రగీత నా తలుపు ముందే. వాళ్ళ మాటలు నాకు వినపడ్డాయి.

"ఏమైనా ఉందారా?" అన్నాడు విల్చెక్.

"ఏమీ లేదు. నీకు?"

"మోకాలు బాలేదు."

"సరే" అన్నాడు ఆర్మెల్.

ఆట రెండో భాగంలో గ్లవ్స్ కింద పడ్డాయి. ఆర్మెల్ విల్చెక్ చొక్కా గుంజి పట్టుకుని ముక్కు మీద గుద్దాడు, మళ్ళీ గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు నా దాకా వచ్చింది. బాలేని మోకాలు వంగిపోతుంటే, దాని మీద పడనివ్వకుండా పైకి లాగి నిలబెట్టి మరీ కొట్టాడు. ఇంతలో విల్చెక్ కుడిచెయ్యి విడిపించుకున్నాడు. ఒక దెబ్బ దవడ మీద పడింది. రెండోది ఎడమ కంటి మీద. ఆర్మెల్ వెల్లకిలా పడ్డాడు. మంచు మీద రక్తం చూసి జనం ఈలలు వేశారు. పడింది మా వాడైనా వేశారు, సిగ్గులేని జనం.

బాక్సులో కూర్చుని తువాలుతో ముఖం తుడుచుకున్నాడు ఆర్మెల్.

"హెక్టర్, ఈ పక్క లైట్లు ఆర్పేశారా?"

"లేదే. అన్నీ వెలుగుతున్నాయి."

అతను మెల్లగా తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ మాట అవతల బాక్సులో ఉన్న విల్చెక్ విన్నాడు. నా మీంచి దూకొచ్చి ఆర్మెల్ గల్లా పట్టుకుని గోడకేసి కొట్టాడు.

"ఆ కన్ను బాలేదని నీకు ముందే తెలుసా? చెప్పరా!"

"జనవరి నుంచి తెలుసు."

"అడిగాను గదరా! గీత దగ్గర అడిగాను గదా!"

"చెప్తే నువ్వు కొట్టవు. కొట్టుకోకపోతే ఆ మంచు మీద నాకేం పనుందిరా?"

విల్చెక్ పిడికిలి ఎత్తి, ఆర్మెల్ తల పక్కనున్న చెక్కను పగిలేదాకా గుద్దాడు. "నీ కన్ను నా చేత తీయించావు కదరా" అంటూ ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, ఆర్మెల్‌ను చంపెయ్యాలన్నంత కోపమూ వచ్చింది.

జట్టు పోయింది. మేము ఆడిన షెడ్డులో ఇప్పుడు రోడ్ల మీద చల్లే ఉప్పు పోస్తున్నారు. ఒంటికన్నువాణ్ణి యంత్రాల దగ్గరికి రానిచ్చేది లేదని మిల్లువాళ్ళు ఆర్మెల్ చేతికి చీపురిచ్చారు. విల్చెక్ మా ఊరి ఛాయలకు కూడా రాలేదు.

ఏళ్ళు గడిచాక, ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. నేనూ ఆర్మెలూ బార్లోంచి బయటికొస్తుంటే ఎదురుగా నిలబడి, టోపీ తీసి కింద పారేశాడు.

"నా ఎడమ కన్ను, ఇదిగో. కొట్టు."

"వద్దురా."

"కొట్టరా! నాకు నిద్ర పట్టడం లేదు."

ఆర్మెల్ కొట్టాడు. పిడికిలి బెత్తెడు దూరంలోంచి పోయింది. ఒంటికంటికి దూరం అంతుపట్టదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తప్పింది. మెట్ల మీద నిలబడ్డ కుర్రకుంకలు నవ్వారు. ఇంకోసారి నవ్వితే పళ్ళు రాలగొడతానన్నాను.

మూడోసారి ఆర్మెల్ చెయ్యి లేవగానే, విల్చెక్ అడుగు ముందుకు వేసి, పిడికిలి వచ్చే దారిలోకి తనే ముఖం తెచ్చి పెట్టాడు. కనుబొమ చిట్లి చెంప మీదికి రక్తం కారింది. ఆర్మెల్ గబగబా జేబురుమాలు తీసి అక్కడ అదిమి పట్టుకున్నాడు.

"ఆ రోజు నీకు చెప్పాల్సిందిరా" అన్నాడు. "నా ఎడమ కన్ను బాలేదు, స్టాన్."

"సరే" అన్నాడు విల్చెక్.